మిరపకాయ లేని కాలం

మట్టెవాడ నుంచి ఉత్తరం వచ్చింది.
రిటైరైన చరిత్ర సారు, ఎర్రసిరా,
కోసి అతికించినట్టు దస్తూరి:
"అమ్మా, మీ నాలుగో ప్రకరణంలో
సూరమ రోట్లో ఎండుమిరపకాయలు దంచుతున్నది.
ఆ ఘాటుకు రౌతు బొల్లన తుమ్మి
గుర్రం కళ్ళెం వదిలేశాడు.
చదవడానికి బాగుంది.
కానీ ఏడు వందల ఏళ్ళ కింద
ఓరుగల్లులో మిరపకాయ లేదు.
సముద్రం దాటి వచ్చింది, చాలా తర్వాత."

ఎనుమాముల మార్కెట్లో, అడ్తి దుకాణంలో
ఆ ఉత్తరం చదివినప్పుడు
నా చుట్టూ నలభై వేల బస్తాల మిరప.
నేను గుమస్తాను.
తక్‌పట్టీల వెనక తెల్లగా ఉన్న చోటల్లా
నవల రాస్తాను.
ముందువైపు తేజ రకం, క్వింటాళ్ళు, తరుగు, హమాలీ ఖర్చు.
వెనకవైపు సూరమ నడుముకు దోపిన నీలిచీర.
ఒక్కోసారి సిరా ఇటుది అటు దిగి
బొల్లన పెట్టిన ముద్దు మీద
క్వింటాలు ధర కనిపిస్తుంది.

లేదట.
తుమ్ముతూనే ఆ మాట మళ్ళీ చదివాను.

మధ్యాహ్నం సద్ది విప్పితే
డబ్బాలోంచి ఒక్కొక్కటే లేచిపోయాయి.
టమాట పోయింది, పల్లి పోయింది,
ఆలుగడ్డ పోయింది, మక్కగటుక పోయింది.
జొన్నరొట్టె, ఉల్లిగడ్డ, చింతపులుసు
మిగిలి నా వంక చూశాయి.
వీటితోనే ప్రేమించుకోవాలి వాళ్ళు.

కొంరమ్మకు చెప్పాను.
రాలిన కాయలు ఊడ్చి కుప్పచేసే కొంరమ్మ
నా నవల మొత్తం చెవులతో చదివింది.
అక్షరం రాదు, ఒక్క ప్రకరణం మరిచిపోదు.
గుర్రం రంగు నేను తప్పు చెబితే
ఆమే సరిచేస్తుంది.

"గదేంది బిడ్డా, కారం లేకుంటే
గా పిలగాడు ఎట్ల తుమ్ముతడు?
తుమ్మకుంటే ఎట్ల నిలవడతడు?"

మిరియాలు పెడతానన్నాను.
మిరియాలకైతే సారు ఒప్పుకుంటాడు.
ఆమె చీపురు ఆపింది.
"మిరియాలు కొనే ఇంటి పిల్లయితే
కందకం గడ్డమీద ఎందుకు కూసుంటది?
దాసి నూరుతది. ఆమె మంచమ్మీద పంటది."

నిజమే.
రాజుల కాలం రాసేవాళ్ళు
తోరణం కింద, వెన్నెల్లో కలుపుతారు జంటను.
నా వాళ్ళు మట్టికోట అవతల,
బురద ఆరని కందకం పక్కన,
నీళ్ళకొచ్చిన గుర్రాల పేడ వాసనలో కలుస్తారు.
అక్కడిదాకా మిరియం రాదు.

రెండు రోజులు బొల్లన
తుమ్మకుండానే వెళ్ళిపోయాడు.
గుర్రం నీళ్ళు తాగింది, ఆయన తల తిప్పలేదు,
సూరమ ఒట్టి రోలు ముందు కూర్చుంది.
నేను కొట్టేసి కొట్టేసి
ఒక రైతు తక్‌పట్టీ ముందువైపు కూడా గీసేసి
సేటుతో తిట్లు తిన్నాను.

మూడోనాడు జెండా పాట అయిపోయాక
కొంరమ్మ వచ్చి నిలబడ్డది.
"జొన్నలు తూర్పార పట్టమను దాన్ని.
గాలికి నూగు లేస్తది.
నూగు తలిగితే రాజైనా తుమ్ముతడు."
కాసేపాగి, చేట అంచు వేలితో రాస్తూ,
"మా ఆయన గట్లనే తుమ్మిండు.
ఏడుమాట్ల. లెక్కవెట్టిన."

ఏ ఊరి కళ్ళంలో అని అడగబోయాను.
కాంటా దగ్గర ఎవరో కేకేశారు, వెళ్ళిపోయింది.

సూరమ చేట ఎత్తింది.
పడమటి గాలి.
బొల్లన ఏడుసార్లు తుమ్మాడు.
ఆమె లెక్కపెట్టింది.
అక్కడితో ప్రకరణం ఆపేశాను.
అందాక నేను నేర్చుకున్న వర్ణనలన్నీ
తాలుకాయల్లా పక్కకు పోసి.

సారూ, దిద్దిన ప్రతి పంపుతున్నాను.
వెతకండి, ఎక్కడా మిరపకాయ లేదు.
సూరమ వంటింట్లో లేదు, దండు సంచుల్లో లేదు,
బొల్లన యుద్ధానికి పోయేనాడు
ఆమె కట్టిచ్చిన మూటలో లేదు.
ఆ మూట రాస్తూ రాస్తూ
కాయలు ముట్టిన చేత్తోనే నేను
కళ్ళు తుడుచుకున్న మాట నిజం.

కాగితాలు మాత్రం మెల్లగా విప్పండి.
మడతల్లో ఎర్రటి పొడి ఉంటుంది.
ఎంత దులిపినా పోలేదు.